పచ్చి తంగేడు పుల్ల

మా మేడ మీద గదిలో అద్దెకుండే ఎఫువా ఘనా దేశపు పిల్ల. ఆఫ్రికా నుంచి వచ్చి అనంతపురంలో చదువుకునే పిల్లలు ఇప్పుడు మా వీధికి కొత్త కాదు. కానీ లా చదివింది చాలక దాని మీద పరిశోధన కూడా చేస్తానని ఈ ఎండల్లోకి వచ్చిన పిల్లను ఈమెనే చూశాను. వచ్చిన కొత్తల్లో ఆటోవాళ్ళ దగ్గర "ఏమప్పా" అనే మాట నేర్చుకుంది. అప్పటి నుంచి ఆటో అతన్నీ, పాలు పోసే ఆమెనూ, వాళ్ళ ప్రొఫెసరునూ, చివరికి అరవై దాటిన నన్నూ ఏమప్పా అనే పిలుస్తుంది. బతుకంతా బళ్ళో పిల్లల తప్పులు దిద్ది రిటైరైనదాన్ని కాబట్టి ఒకటి రెండుసార్లు చెప్పబోయి మానుకున్నాను. నిజానికి నాకూ వినడానికి బాగుంది.

పోయిన వేసవిలో ఒక సాయంత్రం కరెంటు పోతే గాలి కోసం కిందికొచ్చి నా పక్కన గడప మీద కూర్చుంది. మాటల్లో, ఇంగ్లీషులోనే, వాళ్ళ అమ్మమ్మ సంగతి చెప్పింది. వాళ్ళ దేశంలో పెళ్ళి ఊరి పద్ధతిలోనూ చేసుకోవచ్చట, సర్కారు చట్టం కిందా చేసుకోవచ్చట. విడిపోవడమూ అంతేనట. వాళ్ళ అమ్మమ్మ మొదటి భర్తను వదిలేసినప్పుడు రెండు కుటుంబాల పెద్దలు కూర్చుని ఆమె పాదాల దగ్గర తెల్ల సుద్దపొడి చల్లారు. అంతటితో తెగిపోయింది. ఆమె ఇంకొకర్ని చేసుకుని పిల్లల్ని కన్నాక, ఏదో గొడవలో కోర్టువాళ్ళు సుద్ద చల్లినట్టు రుజువేదీ అని అడిగారట. "సుద్ద గాలికి పోయింది కదా ఏమప్పా, ఎక్కడి నుంచి తెస్తుంది?" అని నవ్వి, "మీ జిల్లాలో ఇలాంటివి ఉండేవా? అవి పుస్తకాల్లోనే ఉన్నాయి, మనుషుల్లో లేవు అంటున్నాడు మా ప్రొఫెసరు" అంది. సుద్దముక్క పట్టుకునే బతికినదాన్ని నాకు నవ్వు ఆగలేదు. "మీది సుద్ద, మాది పుల్ల తల్లీ. ఆ పుల్ల తగిలిన మనిషి ఇంకా బతికే ఉంది, మా చిన్నమ్మ" అన్నాను.

మా అవ్వ, అంటే అమ్మను కన్నతల్లి, ఉండే ఊరు ముదిగుబ్బకు ఎగువన, గుట్టల కింద. మా నాయన ఉద్యోగం ఒకచోట నిలిచేది కాదు, అందుకని నన్ను అక్కడ వదిలిపెట్టారు. ఆ ఇల్లు తలచుకుంటే ముందు వాసనలే గుర్తొస్తాయి. గొర్ల దొడ్డి వాసన, తడిసిన కంబళి వాసన. వాన ఏదో మొహమాటానికి వచ్చి పోయేది గానీ ఆ కంబళి వాసన మాత్రం ఏడాదంతా ఇంట్లోనే ఉండేది. పొద్దున్నే అవ్వ రాగి సంగటి కెలుకుతుంటే కట్టె కుండకు తగిలే చప్పుడుకు మెలకువ వచ్చేది. ఊరిబిండి పచ్చడి కోసం ఇనుప పెనం మీద శెనక్కాయలు వేగుతుంటే ఆ కమ్మని వాసనకు పక్కింటి వాళ్ళు కూడా ఏదో పని కల్పించుకుని వచ్చేవాళ్ళు. అవ్వ ఎవరినీ వట్టి చేతులతో పంపేది కాదు, తిట్టకుండానూ పంపేది కాదు.

మాది గొర్లు కాసే కులం. మొగుడూ పెళ్ళాల తగాదా అయినా, మంద పొలంలో పడిన తగాదా అయినా ఊరి మధ్య రచ్చకట్ట మీదే తేలేది. కట్ట మీద ఆడవాళ్ళు కూర్చోకూడదు. మా అవ్వ దానికి ఒక ఉపాయం కనిపెట్టింది. కట్టను ఆనుకుని ఉన్న అరుగు మీద చేట పెట్టుకుని శెనక్కాయలు ఒలుస్తూ కూర్చునేది. కులపెద్ద నాగన్న తాత మీసం దువ్వుకుంటూ తీర్పు మొదలుపెట్టి, మధ్యలో ఆగి ఆ ఒలిచే చప్పుడు వినేవాడు. టపటపమని ఒలుస్తుంటే తీర్పు ముందుకు సాగేది. చప్పుడు ఆగిందంటే తాత దగ్గి, "ఇంగొగ మాట ఆలోచన జేస్తాము" అనేవాడు. ఊళ్ళో తీర్పులన్నీ నాగన్న తాతవే అని మగవాళ్ళంతా నమ్మేవాళ్ళు. అవ్వ కూడా వాళ్ళను అలాగే నమ్మనిచ్చింది.

మా అమ్మ చెల్లెలు సుంకమ్మను పక్క ఊరి ఓబులేసుకు ఇచ్చారు. ఓబులేసు చెడ్డవాడు కాదు. తాగడు, కొట్టడు, గట్టిగా మాట్లాడటం కూడా రాదు. అతనికి మనుషుల కంటే గొర్లు ఎక్కువ, అంతే. మేత వెతుక్కుంటూ మందతో పోతే నెలలు నెలలు ఇంటి మొహం చూడడు. వచ్చినా పిల్లలేసిన గొర్రెకు చలి పెడుతుందని దొడ్లోనే పడుకుంటాడు. చిన్నమ్మ కొన్నాళ్ళు ఓర్చుకుని, ఒకరోజు తట్టలో బట్టలు వేసుకుని అవ్వ ఇంటికి వచ్చేసింది. కట్ట ముందు నిలబడి, "నాకి మొగుడు గావాల, మంద గాదు. ఆయప్పకు నేనొగ గొర్రెనై పుట్టింటే బాగ జూసుకునేటోడు" అని చెప్పేసింది. మగవాళ్ళు కంబళ్ళు మొహాలకు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఓబులేసు మాత్రం అదేదో మెప్పు అన్నట్టు తల ఊపాడు.

మా ఆచారం ప్రకారం తెగదెంపులంటే పుల్ల విరవడమే. మగవాడు ఎండిన తంగేడు పుల్ల తేవాలి. ఒక కొస అతను, ఒక కొస ఆమె పట్టుకుని కట్ట ముందు విరవాలి. టక్కున రెండైతే ఎవరి దారి వాళ్ళది, ఇద్దరూ మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చు. ఓబులేసు తెచ్చిన పుల్లను చూసి నాకే వింతగా అనిపించింది. ఇంకా ఆకుల వాసన వస్తున్న పచ్చి పుల్ల అది. ఇద్దరూ పట్టుకుని వంచారు. లోపల విరిగిన చప్పుడైంది గానీ బెరడు తెగలేదు. రెండు ముక్కలూ ఒకదాన్ని ఒకటి పట్టుకుని వేలాడాయి. అరుగు మీద శెనక్కాయల చప్పుడు ఠక్కున ఆగిపోయింది. ఆ రోజు నాగన్న తాతకు ఆకలి ముందుకొచ్చింది. అవతల తీర్పు అయ్యాక తినే పొట్టేలు కూర ఉడుకుతోంది. "ఇరిగె ఇరిగె, లేయండప్పా" అని కండువా దులుపుకుని లేచాడు. అందరూ కూర దగ్గరికి నడిచారు. పుల్ల ఓబులేసు చేతిలోనే ఉండిపోయింది.

ఆ తర్వాత చిన్నమ్మ కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా పనిచేసే ఎర్రిస్వామిని మారుమనువు చేసుకుంది. మా చిన్నాయన స్తంభం ఎక్కితే కోతి, దిగితే గోవు. చిన్నమ్మకు పాప కూడా పుట్టింది. అంతా బాగుందనుకున్న కాలంలో అతని ఆఫీసుకు ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాశారు. లైన్‌మన్ పరాయివాడి భార్యను ఇంట్లో పెట్టుకున్నాడు, వాళ్ళ పుల్ల సరిగ్గా విరగనే లేదు అని. పైఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. కోర్టు నుంచి విడాకుల ఉత్తర్వు చూపించు, లేకపోతే ఉద్యోగం వదులుకో అన్నారు. చిన్నాయన ఉద్యోగం కంటే పాప సంగతి తలచుకుని చిన్నమ్మ వణికిపోయింది. పుల్ల చెల్లకపోతే తను ఇంకా ఓబులేసు భార్యే, ఒళ్ళో పాపకు తండ్రి పేరు ఏమని చెప్పాలి? అవ్వ ఆ రోజు సంగటి మాడబెట్టింది. ఆ ఇంట్లో సంగటి మాడటం నేను అంతకు ముందూ చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

తాలూకా కోర్టు ప్లీడరు మంచివాడే. చట్టం పుస్తకం తీసి, ఆచారం ప్రకారం విడిపోయే హక్కు ఉన్నవాళ్ళకు ఆ హక్కు పోదని అందులోనే రాసి ఉందన్నాడు. కాకపోతే ఆ ఆచారం నిజంగా ఉందనీ, పాతదనీ, ఈ పుల్ల దాని ప్రకారమే విరిగిందనీ మనమే రుజువు చేసుకోవాలి. అందుకు చిన్నమ్మ దావా వేయాలి. ఎవరి మీద అంటే ముందు ఓబులేసు మీద, తర్వాత కరెంటు ఆఫీసు మీద. ఓబులేసుకు అప్పటికే ఇంకో పెళ్ళయి కొడుకు కూడా ఉన్నాడు. గుట్టల్లో మంద వెంట తిరిగే అతన్ని పట్టుకుని సమన్లు ఇవ్వడానికి కోర్టు మనిషి చెప్పులు అరగదీశాడు. కాగితం చేతికొచ్చాక అతను భయపడి నేరుగా అవ్వ ఇంటికే వచ్చాడు. "నేనేం తప్పు జేసినా అవ్వా?" అన్నాడు. "ఏం జేయలేదులే నాయనా, కోర్టోళ్ళు నీ పేరు యాడన్నా రాసుకోవాలంట" అని అవ్వ సంగటి పెట్టింది. ముద్ద తింటూ వాయిదా తేదీ ఎప్పుడో కూడా అవ్వనే అడిగి తెలుసుకున్నాడు.

వాయిదా రోజున వాదీ ప్రతివాదీ అందరం ఒకే బస్సులో పోయాం. బోర్డులు చదవడానికి నన్ను కూడా తీసుకుపోయారు. కోర్టు ముందు వేపచెట్టు కింద అవ్వ మూట విప్పి అందరికీ సంగటి ముద్దలూ ఊరిబిండీ పంచింది. ఓబులేసు చిన్నాయన పక్కనే కూర్చుని, పాపను తొడ మీద పెట్టుకుని తింటున్నాడు. ఆ పక్కగా పోతున్న మా ప్లీడరు చూసి పరుగున వచ్చాడు. "ప్రతివాదితో కలిసి తింటారా! మీరంతా కుమ్మక్కయ్యారని కేసు కొట్టేస్తారు" అని ఓబులేసును లేపి దూరంగా ఇంకో చెట్టు కింద కూర్చోబెట్టాడు. అవ్వ కోర్టు గోడ వెనక నుంచి చుట్టు తిరిగి పోయి అతనికి రెండో ముద్ద ఇచ్చి వచ్చింది. ప్లీడరు చూశాడు. అతనూ ఆకలి మీద ఉన్నాడేమో, తల తిప్పుకున్నాడు.

ముందు అవ్వ సాక్ష్యం. ఆచారం ఎప్పటి నుంచి ఉందని అడిగితే "అనాదిగా" అని చెప్పమని ప్లీడరు వారం నుంచి నేర్పించాడు. అవ్వ సంగటి కెలుకుతూ కూడా అనాదిగా, అనాదిగా అని వల్లించింది. తీరా బోనెక్కాక జడ్జిగారు అడిగితే, "నా పెండ్లయి మా ఊరికి వచ్చినప్పటి సంది ఉండాది సామీ. అంతకు ముందు సంగతి నాకేం తెల్సు? నేను ఆడ లేను గదా" అంది. ప్లీడరు నెత్తి పట్టుకున్నాడు. జడ్జిగారు నవ్వాపుకుని, ఇంకెవరైనా ఇలా విడిపోయారా అని అడిగారు. అవ్వకు ఊపొచ్చింది. మా ఊరి నుంచి గోరంట్ల దాకా ఎవరెవరు ఎందుకెందుకు పుల్ల విరిచారో చెప్పుకుంటూ పోయింది. ఒకామె మొగుడు గురక పెడతాడని, ఒకామె అత్త ఉప్పు దాచిపెడుతుందని. చివరికి తలుపు దగ్గర నిలబడ్డ డవాలి బంట్రోతు వైపు వేలు చూపించి, "నమ్మకం లేకుంటే ఆ అబ్బిని అడగండి సామీ. వాళ్ళ మేనత్త పుల్ల ఇరిసినపుడు నేను ఆడనే ఉండా" అంది. బంట్రోతు పైకప్పు వైపు చూస్తూ నిలబడ్డాడు. జడ్జిగారు అడగలేదు గానీ రాసుకున్నారు.

తర్వాత ఓబులేసు. బెరడు సంగతి ఎత్తొద్దని మా ప్లీడరు అతనికి బతిమాలి చెప్పాడు. కానీ కరెంటు ఆఫీసు తరఫున వచ్చిన సర్కారు ప్లీడరుకు ఆ సంగతి ముందే తెలుసు. కంబళి భుజాన వేసుకుని బోనులో నిలబడ్డ ఓబులేసును ఆయన ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. "ఆ రోజు కట్ట ముందు పుల్ల పూర్తిగా రెండు ముక్కలైందా?"

ఓబులేసు తల గోక్కున్నాడు. "లేదు సామీ. బెరడు అంటుకోనుండె" అన్నాడు.

చిన్నమ్మ చేతిలో పాప ఏడుపు మొదలుపెట్టింది, అంత గట్టిగా పట్టుకుంది. నాకైతే ఆ మనిషిని పోయి రక్కాలనిపించింది. మా సంగటి తిని మా కొంప ముంచుతున్నాడని కోపంతో ఏడుపొచ్చింది. సర్కారు ప్లీడరు గెలిచినట్టు కూర్చోబోతుంటే జడ్జిగారు ముందుకు వంగారు.

"ఎండు పుల్ల తేవాలని నీకు తెలియదా?"

"తెల్సు సామీ."

"మరి పచ్చిది ఎందుకు తెచ్చావు?"

ఓబులేసు బోను కర్రను గోటితో గీకుతూ నిలబడ్డాడు. "ఇరగదని" అన్నాడు చివరికి.

గొర్లు తప్ప వేరే ఆలోచన లేని మనిషనుకున్నాం అతన్ని. చిన్నమ్మ తలెత్తి అతని వైపు చూసింది.

"అయితే అది ఇప్పటికీ అలాగే ఉందా?" అన్నారు జడ్జిగారు.

"లేదు సామీ. అందరూ కూరకు పోయినాక నేను కట్ట కాడనే కూర్చోనుంటి. ఆయమ్మ కూర గూడ తినకుండా వాళ్ళ అమ్మ ఇంటికి పోతాండె. ఒగసారన్నా ఎనిక్కి తిరిగి సూస్తాదేమో అనుకుంటి. సూల్లేదు. సగం ఇరిగిన పుల్లతో ఆయమ్మ యాడికి పోతాది? ఇంగోని ఇంటికి పోయేకి లేదు, నా ఇంటికి వచ్చేకి లేదు. అందుకే పల్లుతో కొరికి రెండు జేసినా."

సర్కారు ప్లీడరు లేచి, కొరకడం ఆచారంలో భాగమని ఎవరూ చెప్పలేదు, కట్ట లేచిపోయాక కొరికితే చెల్లదు అన్నాడు. మా అవ్వకు ఇంక ఓపిక లేకపోయింది. జనంలోంచి లేచి, "చేత్తో ఇరిస్తేమి, పల్లుతో కొరికితేమి సామీ, రెండైనాక రెండే గదా! కట్ట ముందు మొదలుపెట్టిన పని వాడు కట్ట కాడనే ముగించినాడు" అని గట్టిగా చెప్పింది. బంట్రోతు ఆమెను కూర్చోమని సైగ చేశాడు, అదీ భయపడుతూనే. జడ్జిగారు ఆ మాట వినలేదన్నట్టు కాగితం మీదికి వంగారు గానీ, ఆయన భుజాలు కదలడం నాకు కనిపించింది.

కొన్నాళ్ళకు తీర్పు వచ్చింది. ఆచారం రుజువైందనీ, పుల్ల రెండు ముక్కలైనట్టు సాక్ష్యం ఉందనీ, చిన్నమ్మ రెండో పెళ్ళి చెల్లుతుందనీ ప్లీడరు చదివి వినిపించాడు. కొరికిన సంగతి అందులో లేదు. ఓబులేసు చెప్పిన ఆ "ఇరగదని" అనే మాట కూడా లేదు. కోర్టుకు కావలసింది రెండు ముక్కలు, అవి దొరికాయి. చిన్నాయన ఉద్యోగం నిలిచింది. పాపకు తండ్రి పేరూ దక్కింది.

మా కట్ట మాత్రం ఈ తీర్పును తేలిగ్గా తీసుకోలేదు. నాగన్న తాత చాలా రోజులు మూతి ముడుచుకుని తిరిగి, ఆ తర్వాత జరిగిన మొదటి పుల్లకే కొత్త పద్ధతి పెట్టాడు. విరిచాక రెండు ముక్కలూ పైకెత్తి చూపించాలి, బెరడు ఉంటే మగవాడు అందరి ముందూ పల్లుతో తుంచాలి. నేను టీచరు ఉద్యోగంలో చేరాక ఒకసారి ఆ ఊరికి పోయి, ఈ పల్లుతో తుంచేది ఎప్పటి నుంచి ఉందని ఒక కుర్ర పెద్దమనిషిని అడిగాను, కావాలనే. "అనాదిగా ఉండాది మేడం" అన్నాడు, కన్ను కూడా ఆర్పకుండా. అవ్వ అప్పటికి లేదు. ఉండి ఉంటే ప్లీడరు వారమంతా నేర్పించిన మాట ఇతనికి పుట్టుకతోనే ఎలా వచ్చిందని అడిగేది.

ఇప్పుడు పుల్లలు లేవు. మా వైపు వాళ్ళు స్టాంపు కాగితం మీద నోటరీ ముద్ర వేయించుకుని విడిపోయామనుకుంటారు, కోర్టు కాదంటే ఏడుస్తారు. ఆ పాత కట్ట గొప్పదని నేను చెప్పను. ఆడదాన్ని అరుగు మీద కూర్చోబెట్టి శెనక్కాయలు ఒలిపించిన కట్ట అది. కోర్టు గొప్పదనీ చెప్పను. నాకు గుర్తున్నది ఆ రోజు వేపచెట్టు కింద వాది బిడ్డను ఒళ్ళో పెట్టుకుని ప్రతివాది ముద్ద తినడం. దానికి ఏ చట్టంలో చోటుందో ఎఫువాను అడిగితే, వాళ్ళ ఊళ్ళోనూ ఇలాంటివి ఉన్నాయి గానీ తన పరిశోధనలో ఏ అధ్యాయంలో పెట్టాలో తెలియట్లేదంది.

ఆమె వదల్లేదు. ఆ వారంలోనే నన్ను బస్సెక్కించి చిన్నమ్మ ఊరికి తీసుకుపోయింది. చిన్నాయన వసారాలో మంచం మీద కునుకుతున్నాడు. చిన్నమ్మ ఎఫువా సన్న జడలు ఒక్కొక్కటీ పట్టుకుని చూసి, ఎంతసేపు పట్టింది, నొప్పి పుట్టలేదా అని అడిగింది. కాఫీలు అయ్యాక ఎఫువా గొంతు సవరించుకుని, "ఏమప్పా, మిమ్మల్ని ఏది విడిపించింది? కట్ట తీర్పా, కోర్టు తీర్పా?" అంది. నేను దాన్ని తెలుగులో చెప్పాను. చిన్నమ్మ వాకిలి వైపు చూసింది.

"కట్టా గాదు, కోర్టూ గాదు పాపా. ఆయప్ప పల్లు" అంది. "ఇప్పుడు ఆ పల్లు ఒగటీ లేవు పాపం. పోయిన నెల కొడుకు మంద తోల్తాంటే ఎనక కట్టె పట్టుకోని ఇట్లనే పోతాండె. మీ చిన్నాయన చూసి లోపలికి పిలుచుకొచ్చినాడు. శెనక్కాయలు పెడితే నమిలేకి రాదని సిగ్గుపడె. రోట్లో ఏసి మెత్తగ దంచి పెట్టినా."